ఎం.ఆర్క్ చదివేవాళ్లకి ట్రావెల్ ఫెలోషిప్‌లు మనదాకా వస్తాయా?

బట్టర్‌పేపర్
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లోనే ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్) మొదటి సంవత్సరం చదువుతున్నా. బి.ఆర్క్ ఐదేళ్లూ కూడా ఇక్కడే. ఈ ఆరేళ్లలో చూసిన బయటి దేశాల బిల్డింగులన్నీ ప్రొజెక్టర్ మీదే చూశా, అది కూడా సగం రోజులు బల్బు పసుపుపచ్చగా కొట్టేది కాబట్టి అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన కాంక్రీటు అసలు రంగేంటో నాకు ఇప్పటికీ తెలీదు. ట్రావెల్ ఫెలోషిప్‌లని ఉంటాయని, మాస్టర్స్ చదివేవాళ్లకి డబ్బులిచ్చి తిరిగి రమ్మంటారని ఈమధ్యే తెలిసింది. నాన్నది కూకట్‌పల్లిలో ప్రైవేటు ఉద్యోగం, తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజే ఇంకా పూర్తిగా కట్టలేదు, ఇంట్లో అడిగే పరిస్థితి లేదు.

ఒక ప్రపోజల్ రాసుకున్నా: "సుస్థిర నిర్మాణ పద్ధతులు, ఆసియా నుంచి యూరప్ దాకా". ఏడు దేశాలు, నలభై అయిదు రోజులు. దీన్ని ఎక్కడికి పంపాలి? పోర్ట్‌ఫోలియో ఎన్ని పేజీలుండాలి? ఎవరైనా గెలిచినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

టీ_స్క్వేర్
ఏడు దేశాలు నలభై అయిదు రోజులా చెల్లీ? కాశీయాత్ర బస్సువాళ్లు కూడా ఇంతకంటే నెమ్మదిగా తిప్పుతారు, మధ్యలో పులిహోర కూడా పెడతారు.

నవ్వులాటకన్నాలే, ఏమనుకోకు. పదకొండేళ్లుగా ఫీల్డ్‌లో ఉన్నా, రెండుసార్లు అప్లై చేసి రెండుసార్లూ పోయింది, ఆ అనుభవంతో చెబుతున్నా. ముందు ప్రపోజల్ పక్కన పెట్టి "ఎవరు అర్హులు" అన్న పేరా చదవడం నేర్చుకో. పేరుమోసిన ఫెలోషిప్‌లలో చాలావాటికి తలుపు బయట తాళం ఉంటుంది. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో బ్రానర్ ఫెలోషిప్ ఉంది, కొలంబియా యూనివర్సిటీలో కిన్ ఉంది, అవి ఆ స్కూల్లో సీటున్నవాళ్లకే. బోస్టన్‌లో రాచ్ స్కాలర్‌షిప్ 1883 నుంచి నడుస్తోంది, గోర్డన్ బన్‌షాఫ్ట్ లాంటి పేరున్న ఆర్కిటెక్టులు దానిమీదే ఊళ్లు తిరిగొచ్చారు, కానీ అది అక్కడివాళ్ల కోసం పెట్టింది. హార్వర్డ్ వీల్‌రైట్ ప్రైజ్ 1935లో మొదలైంది, చాలాకాలం వాళ్ల పూర్వ విద్యార్థులకే. 2013 నుంచి ప్రపంచంలో ఎవరైనా వెయ్యొచ్చు, లక్ష డాలర్లు, డిగ్రీ అయి పదిహేనేళ్లు దాటకూడదు. వినడానికి బాగుంటుంది. అయితే అది చదువు పూర్తయి చేతిలో కాస్త పని ఉన్నవాళ్లకి, ఎం.ఆర్క్ మొదటి సంవత్సరంలో దానికోసం నిద్ర మానుకోకు.

రెండోది, నీ ప్రపోజల్ టైటిల్. "సుస్థిర" అన్న మాట కనిపిస్తే చదివేవాడి కళ్లు మూతపడతాయి. ప్రతి రెండో అప్లికేషన్‌లో అదే.

ఫీజుబాకీ
అన్నా నిజం చెప్పుకుందాం. ఇవన్నీ డబ్బున్నోళ్ల పిల్లలకి. పోర్ట్‌ఫోలియోలో ఇప్పటికే మూడు దేశాల ఫొటోలున్నోడికే నాలుగో దేశానికి డబ్బులిస్తారు. నేను నల్గొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నా, ఫైనల్ జ్యూరీకి ఏ1 షీట్లు ప్లాట్ (పెద్ద ప్రింట్) తీయించడానికే ఫ్రెండ్ దగ్గర అప్పు చేశా. రిఫరెన్స్ లెటర్ అడిగితే మా సార్ "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అన్నారు. ఇలాంటోళ్లకి ఎవడిస్తాడు?

జర్మనీలో_జొన్నరొట్టె
ఫీజుబాకీ తమ్ముడూ, నీ కోపం అర్థమైంది, కానీ పూర్తిగా ఒప్పుకోను. నేనూ మహబూబ్‌నగర్ నుంచి వచ్చినదాన్నే. ఇప్పుడు జర్మనీలో మాస్టర్స్ రెండో ఏడు, డాడ్ (DAAD, విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మన్ సంస్థ) స్కాలర్‌షిప్ మీద. వాళ్లకి ఆర్కిటెక్చర్ వాళ్ల కోసం విడిగా ఒక స్కీమే ఉంది, పోర్ట్‌ఫోలియో చూసి ఇస్తారు. అది ట్రావెల్ ఫెలోషిప్ కాదు, డిగ్రీకి. కానీ ఇక్కడికొచ్చాక సెలవుల్లో రైలెక్కితే తిరగడం అదే అవుతుంది. నా బ్యాచ్‌లో మెక్సికో అబ్బాయికి కూడా ఇంట్లో ఏమీ లేదు.

బట్టర్‌పేపర్, నీ స్టేజిలో ఉన్నవాళ్లకి సరిపోయేది బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రీబా (RIBA) ఇచ్చే నార్మన్ ఫోస్టర్ ట్రావెలింగ్ స్కాలర్‌షిప్. 2006లో పెట్టారు. చాలా ఏళ్లు 7,000 పౌండ్లిచ్చారు, ఇప్పుడెంతో వాళ్ల పేజీలో చూసుకో. ఏటా ఒక్కరికే. ఇందులో మెలిక ఏంటంటే నీ అంతట నువ్వు పంపలేవు, వాళ్ల జాబితాలో ఉన్న స్కూలు తన తరఫున ఒక్క విద్యార్థిని నామినేట్ చెయ్యాలి. ఇది మనవాళ్లకి రాదని అనుకునేవాళ్ల కోసం చెబుతున్నా, ముంబైలోని రిజ్వీ కాలేజీ విద్యార్థులు దీన్ని రెండుసార్లు కొట్టారు, 2008లో ఒకరు, 2011లో ఒకరు. 2008ది పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ మీద. 2011ది దేనిమీదో తెలుసా? పారిశుద్ధ్యం! ఎనిమిది మహానగరాల్లో మరుగుదొడ్లూ డ్రైనేజీలూ. అంతా మ్యూజియంలూ చర్చిలూ చూస్తామని రాస్తుంటే మనవాడు సండాసుల మీద రాసి గెలిచాడు. ముంబైలో పెరిగినవాడికి ఆ ప్రశ్న రోజూ కళ్లముందే ఉంటుంది మరి.

కన్జర్వేషన్ (పాత కట్టడాల సంరక్షణ) వైపు ఆసక్తి ఉంటే, మన దేశంలో ఆ పని చేసే సంస్థ ఇంటాక్ (INTACH) వాళ్ల రీసెర్చ్ స్కాలర్‌షిప్‌లు చూడు. బ్రిటన్‌లో చదవడానికైతే చార్ల్స్ వాలెస్ ఇండియా ట్రస్ట్ ఉంది, 1981లో భారతీయుల కోసమే పెట్టారు, హెరిటేజ్ కన్జర్వేషన్ వాళ్లకి ముఖ్యంగా, ఇప్పుడు ఇస్తున్నారో లేదో చూసుకో. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నాటిది, అయితే అది లోన్ స్కాలర్‌షిప్, తిరిగి కట్టాలి, పైచదువుకి వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

బట్టర్‌పేపర్
అక్కా థాంక్యూ సో మచ్. నామినేషన్ గురించి ఇవాళ మా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగా. ఆయన రెండు నిమిషాలు కంప్యూటర్‌లో చూసి "స్కాలర్‌షిప్ అంటే ఫీజు రీయింబర్స్‌మెంటా, కులం సర్టిఫికెట్ తెచ్చావా" అన్నారు. కాదు సార్, లండన్ వాళ్లది అంటే "లండన్‌ది లండన్‌లో అడగాలమ్మా" అన్నారు. ఏం చెయ్యాలో తెలీక నవ్వుకుంటూ వచ్చేశా.

బర్క్‌లీ ప్రైజ్ అని కూడా ఎక్కడో చదివా, అది?

జర్మనీలో_జొన్నరొట్టె
అది బి.ఆర్క్ వాళ్ల కోసం పెట్టింది, నీకు దాటిపోయింది. నేను నాలుగో ఏడులో రాశా. మొదట ఐదువందల పదాల ప్రపోజల్, అది నచ్చితే రెండున్నర వేల పదాల వ్యాసం, సెమీఫైనల్‌కి వెళ్లినవాళ్లకే ట్రావెల్ ఫెలోషిప్‌కి వెయ్యడానికి వీలుండేది. మొదటి మెట్టులోనే పోయా. కానీ ఆ ఐదువందల పదాలు ఒక చిన్న ప్రశ్న చుట్టూ తిప్పడం నేర్చుకున్నా, డాడ్‌కి రాసినప్పుడు అదే పనికొచ్చింది.

ఆఫీసువాళ్లని వదిలెయ్. వాళ్లకి తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు. మీ స్కూల్లో ఎవరో ఒక టీచర్‌ని పట్టుకో, స్కూల్ తరఫున ఒక మెయిల్ కొట్టమని. మెయిల్ నువ్వే రాసి చేతికిస్తే పని త్వరగా అవుతుంది.

మాస్టారు_రిటైర్డ్
అమ్మాయీ, ఆర్కిటెక్చర్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు స్టూడియో (డిజైన్ క్లాసు) నడిపి రిటైరైనవాణ్ణి. ఇక్కడ అందరూ ట్రావెల్ ఫెలోషిప్ అంటే పరాయి దేశాల విషయమన్నట్టు మాట్లాడుతున్నారు. మీ ఊళ్లోనే దాని ఫలితం నిలబడి ఉంది, రోజూ దానిముందు నుంచే బస్సులు పోతున్నాయి.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ. యూనివర్సిటీ 1918లో మొదలైనా సొంత క్యాంపస్ కట్టాలనుకున్నది తర్వాత. అప్పుడు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దర్ని దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపింది. యూరప్, అమెరికా, జపాన్, టర్కీ, ఈజిప్టు. కైరోలో పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ పరిచయమైంది ఆ ప్రయాణంలోనే. ఆయన్ని హైదరాబాద్ రప్పించారు. 1934లో పునాదిరాయి, 1939లో ప్రారంభం. ఆ ముఖద్వారం కింద నిలబడి తలెత్తి చూడు, అంత పెద్ద కమాను ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి పెట్టినట్టుండదు. ఔరంగాబాద్ దగ్గరి అజంతా, ఎల్లోరా కూడా చూసుకున్నారు, గోల్కొండ కూడా చూసుకున్నారు. రాయి మన గ్రానైటే.

నేను ప్రతి సంవత్సరం మొదటి బ్యాచ్‌ని అక్కడికి తీసుకెళ్లి, లోపలి హాల్లో స్తంభాల దగ్గర కూర్చోబెట్టి, "ఇందులో కైరో ఎంత, ఔరంగాబాద్ ఎంత, గీసి చూపించండి" అనేవాణ్ణి. ఒక్కరు కూడా సరిగ్గా గీసేవారు కాదు. నాకూ సరిగ్గా తెలీదు, అది వేరే సంగతి.

మన ఆర్కిటెక్ట్ బి.వి. దోషిగారు కూడా 1958లో షికాగో గ్రాహం ఫౌండేషన్ ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లొచ్చినవారే. తర్వాత నాలుగేళ్లకి లూయీ కాన్ అహ్మదాబాద్ ఐఐఎం పనికి రావడంలో ఆయన చెయ్యి ఉంది. ఆ కాన్ కూడా 1950-51లో రోమ్‌లో అమెరికన్ అకాడమీలో ఉండి గ్రీసు, ఈజిప్టు చూసొచ్చాకే మనకి తెలిసిన కాన్ అయ్యాడు, అప్పటికి ఆయనకి యాభై దగ్గర పడుతున్నాయి. కాబట్టి ఈ ఏడు రాకపోతే జీవితం అయిపోయినట్టు కాదు.

టీ_స్క్వేర్
మాస్టారూ నమస్కారం, మీ స్టూడియోలో కూర్చున్నవాణ్ణేనేమో అనుమానంగా ఉంది, ఆ స్తంభాల ఎక్సర్‌సైజ్ నేనూ చేశా, సున్నా వచ్చింది.

కానీ ఒక్క మాట. ఆ ఇద్దర్నీ పంపింది నిజాం ఖజానా. వాళ్లు తిరిగొచ్చి ఏం కట్టాలో ముందే తెలుసు, ఒక యూనివర్సిటీ. ఇప్పటి పిల్లల్ని "వెళ్లి చూసిరా, ఏదో ఒకటి తట్టుతుంది" అని పంపితే ఇన్‌స్టాలో రీళ్లు తప్ప ఏం రావు. వెళ్లేముందే చేతిలో ఒక పని ఉండాలి. నేను రెండుసార్లు ఓడిపోయింది అక్కడే అని ఇప్పుడు అర్థమవుతోంది. మొదటిసారి "జపాన్‌లో చెక్క నిర్మాణాలు" అని రాశా. ఇంటర్వ్యూలో ఒకావిడ అడిగింది, మీ ఊళ్లో చెక్క పనివాళ్లు ఎక్కడుంటారని. చెప్పలేకపోయా. జపాన్‌లో ఎక్కడుంటారో మాత్రం ఊరి పేర్లతో సహా చెప్పా. సిగ్గేసింది తర్వాత.

జహీరాబాద్_పిల్లోడు
ఆర్కిటెక్ట్‌ని కాను, సివిల్ డిప్లొమా, ఊరికే చదువుతున్నా. చెల్లెకి నీళ్లూ, పాత కట్టడాలూ ఇష్టమైతే బీదర్ పో. హైదరాబాద్ నుంచి నూట నలభై కిలోమీటర్ల దాకా ఉంటది, మా జహీరాబాద్ మీదుగనే పోవాలె. అక్కడ నౌబాద్ దిక్కు భూమి లోపల సొరంగం కాలువ ఉంది, కరేజ్ అంటారు, మావోళ్లు సురంగ బావి అంటారు. బహమనీల కాలంల ఇరాన్ నుంచి వచ్చినోళ్ల ఇల్మ్ (విద్య) అది. పైన చూస్తే పొలంల వరసగా గుంటలు కనబడతాయి, అవి గాలి బావులు, ఒకదాని వెనకాల ఒకటి గీత గీసినట్టు పోతాయి. మోటారు లేదు, ఏం లేదు, వాలు మీదనే నీళ్లు వస్తాయి.

మా తాతకి తెలుసు ఏ గుంటల పడితే ఏమైతదో. మాకు మాత్రం చిన్నప్పుడు దయ్యం ఉంటదని చెప్పి అటు పోనియ్యలే.

మాస్టారు_రిటైర్డ్
ఈ అబ్బాయి లక్ష రూపాయల మాట చెప్పాడు. ఇరాన్‌లో దీన్నే కనాత్ అంటారు, 2016లో యునెస్కో జాబితాలో పదకొండు కనాత్‌లు చేరాయి. ఒమన్‌లో ఫలజ్ అంటారు, అక్కడివి 2006లోనే చేరాయి, అయిదు. ఒమన్‌లో ఇంకా పారుతున్నవి మూడు వేల దాకా ఉన్నాయట. మొరాకోలో ఖెత్తారా. మన దక్కన్‌లో బీదర్, ఔరంగాబాద్ నహర్, బుర్హాన్‌పూర్ కుండీ భండారా. పేర్లు మారాయి, నీళ్లు దారి పట్టే పద్ధతి దాదాపు ఒకటే. ఎత్తుగా ఉన్నచోట భూగర్భ జలం తగిలేదాకా తల్లిబావి తవ్వి, అక్కడినుంచి అతి తక్కువ వాలుతో సొరంగం. వాలు ఎక్కువైతే నీళ్ల వేగానికి అడుగు కోసుకుపోతుంది, తక్కువైతే మేట వేస్తుంది. ఆ వాలుని లెవెలింగ్ మెషీన్లు లేని రోజుల్లో పట్టుకున్నారు, చూడు.

బట్టర్‌పేపర్
సార్, చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది, నిజంగా. మా ఇంటి దగ్గర కొత్త అపార్ట్‌మెంట్‌లో బోరు వెయ్యి అడుగులు దాటినా పడలేదు, ట్యాంకర్ల మీదే బతుకుతున్నారు. నేను ఏడు దేశాలు తిరిగి "సుస్థిరత" వెతుకుదామనుకుంటున్నా.

ఆదివారం బీదర్ వెళ్తున్నా. ఎంజీబీఎస్ నుంచి పొద్దున బస్సు.

బాధ్యత_గల_నాన్న
మా అమ్మాయి కూడా ఆర్కిటెక్చరే, ఈ థ్రెడ్ తనే పంపింది చదవమని. పెద్దవాడిగా ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇరాన్ అంటున్నారు, ఇప్పుడున్న పరిస్థితుల్లో ఆడపిల్లని ఒంటరిగా ఎవరు పంపుతారు? ఈ ఫెలోషిప్‌వాళ్లు ఏదైనా జరిగితే బాధ్యత తీసుకుంటారా?

జర్మనీలో_జొన్నరొట్టె
అంకుల్, న్యాయమైన ప్రశ్న. చాలామంది తీసుకోరు, చెక్కు ఇచ్చి "జాగ్రత్తగా వెళ్లిరా" అంటారు. ఇన్సూరెన్స్ మనమే చేసుకోవాలి. యూరప్ దేశాల షెంగెన్ వీసాకైతే ముప్ఫై వేల యూరోల కవరేజీ లేకపోతే అసలు ఫైలే ముట్టుకోరు. వీసా ఫీజు ఇప్పుడు 90 యూరోలు, రాకపోయినా తిరిగిరాదు. ప్రపోజల్ రాసేటప్పుడే వెళ్లగలిగే దేశం చూసుకోవడం మంచిది. ఇరాన్ బదులు ఒమన్ అంటే ఇంట్లోనూ ఒప్పుకుంటారు, వీసా కూడా అంత తలనొప్పి కాదు. నిజ్వా పక్కనే ఫలజ్ దారిస్ ఉంది, పెద్దవాటిలో ఒకటి. ఎండాకాలం మాత్రం వద్దు, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకో.

డబ్బు గురించి ఎవరూ చెప్పని ఒక సంగతి చెబుతా, ఇది నాకే జరిగింది. బి.ఆర్క్ అయిన ఏడాది ఒక చిన్న గ్రాంటు వచ్చింది, పేరు చెప్పను. ఎగిరి గంతేశా. తీరా చూస్తే డబ్బు ముందు ఇవ్వరు. నువ్వు ఖర్చు పెట్టుకుని, తిరిగొచ్చి, బిల్లులు పెట్టి, రిపోర్టు ఇచ్చాక పంపుతారు. మా అమ్మ నల్లపూసల గొలుసు తాకట్టు పెట్టి టికెట్ కొన్నాం. తిరిగొచ్చాక బిల్లులు పంపితే ఒక ఊళ్లో ఆటోవాళ్లు, టీ కొట్టువాళ్లు, రాత్రి పడుకున్న ధర్మశాల, ఒక్కదానికీ రసీదు లేదని మూడోవంతు కొట్టేశారు. మిగిలింది వచ్చేసరికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల వడ్డీ ఎవరిస్తారు? అప్పటినుంచి ఏ ఫెలోషిప్ చూసినా మొదట వెతికేది "ముందు ఎంత ఇస్తారు, తర్వాత ఎంత ఇస్తారు" అన్న లైను. రాసి లేకపోతే మెయిల్ చేసి అడుగు, సిగ్గుపడకు. అడిగినందుకు ఎవరూ మార్కులు తియ్యరు.

ఇంకోటి, గ్రాంటు లెటర్ ఉన్నా నీ పేరు మీద బ్యాంకు ఖాతాలో డబ్బు లేకపోతే వీసా ఆఫీసరు నమ్మడు. చివరి నిమిషంలో చుట్టాల దగ్గర తెచ్చి లక్షలు వేస్తే స్టేట్‌మెంట్‌లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫీజుబాకీ
నేను మొదట చెప్పింది ఇదే కదా అక్కా. గొలుసు ఉన్నోళ్లు తాకట్టు పెడతారు. గొలుసే లేనోళ్లు?

జర్మనీలో_జొన్నరొట్టె
కాదనను తమ్ముడూ. దీనికి నా దగ్గర జవాబు లేదు.

టీ_స్క్వేర్
ఫీజుబాకీ, నీకో దారి చెబుతా, జవాబని అనను. మీ కాలేజీ నుంచి నాసాకి (ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘం) వెళ్తారు కదా, అక్కడి లూయీ కాన్ ట్రోఫీ డాక్యుమెంటేషన్‌కి మెజర్డ్ డ్రాయింగులు (పాత కట్టడాన్ని కొలిచి గీసినవి) చేసి ఉంటారు. ఆ షీట్లు చెత్తబుట్టలో పడెయ్యకు. ఏ జ్యూరీకైనా ఎయిర్‌పోర్టు ఫొటో కంటే నువ్వు టేపు పట్టుకుని కొలిచి గీసిన ఒక్క సెక్షన్ (కట్టడాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) ఎక్కువ.

ఫీజుబాకీ
మెట్లబావి ఒకటి కొలిచాం అన్నా, పేరు చెప్తే కాలేజీ తెలిసిపోతుంది. నాలుగు రోజులు. కింది మెట్లు బురదలో కూరుకుపోయి ఉండేవి, కర్ర గుచ్చి గుచ్చి మెట్టు అంచు ఎక్కడుందో పట్టుకునేవాళ్లం. గబ్బిలాలు. టేపు పట్టుకోవడానికి ఇంకో మనిషి లేకపోతే నేనే ఒక చివర ఇటుకరాయి పెట్టి ఇంకో చివరకి పరిగెత్తేవాణ్ణి. బన్సీలాల్‌పేట బావి బాగుచేసి 2022లో తెరిచినప్పుడు చూడడానికి పోయి, కింది మెట్టు మీద చాలాసేపు కూర్చున్నా. మాది కూడా ఇలా అవుతుందేమో అనుకుంటూ. కాలేదింకా.

ఆ షీట్లు ఉన్నాయి. హాస్టల్ మంచం కింద.

మాస్టారు_రిటైర్డ్
మంచం కింద నుంచి తియ్యి నాయనా. స్కాన్ చేయించి నాకు పంపు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ సంరక్షణ అవార్డుల్లో డిస్టింక్షన్ ఇచ్చారు, అదే ఏడు దోమకొండ కోటకి మెరిట్ అవార్డు వచ్చింది. ఇక్కడి బావుల గురించి వినేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. నీ రిఫరెన్స్ లెటర్ నేను రాస్తా, నువ్వు రాసుకురానక్కర్లేదు.

బట్టర్‌పేపర్
మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ. మధ్యలో ఇంటర్నల్స్.

బీదర్ ఒకసారి అనుకుంటే మూడుసార్లు వెళ్లా. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు, ఎండలో పొలం గట్ల మీద తిరిగి, ఒక గుంట దగ్గర గేదెలు కాసే పెద్దాయన "పడతావు బిడ్డా" అని అరిస్తే వెనక్కొచ్చా. రెండోసారి జహీరాబాద్ అన్న వాళ్ల చుట్టాలబ్బాయి తోడొచ్చాడు. గాలి బావి అంచున బోర్లా పడుకుని టార్చి వేస్తే కింద ముందు ఏమీ కనపడలేదు, కాసేపటికి వెలుగు ఒకచోట వణికింది. నీళ్లు! మీద పల్లీల చేను ఎండి పగుళ్లిచ్చి ఉంది, కింద నీళ్లు. ఒక గాలి బావిలో మట్టి, ప్లాస్టిక్ కవర్లు, పాత టైరు. ఇంకో రెండు నాకు కనపడనే లేదు, వరస ప్రకారం ఉండాల్సిన చోట ప్రహరీగోడ ఉంది. మూడోసారి వెళ్లింది ఆ గోడ కోసమే. ఇంటాయన మర్యాదగానే మాట్లాడారు, కానీ పెరట్లోకి రానివ్వలేదు. ఆయన భార్య మాత్రం మంచినీళ్లిస్తూ మెల్లగా అంది, "ఆ మూల చెట్టు ఎండాకాలంలో కూడా వాడదమ్మా" అని.

ప్రపోజల్ మార్చా. మొదటి పేరా ఇక్కడ పెడుతున్నా, మొహమాటం లేకుండా తిట్టండి:

"బీదర్ నౌబాద్‌లో ఒక ఇంటి పెరట్లో ఉన్న చెట్టు ఎండాకాలంలో వాడదు. దాని కింద అయిదువందల ఏళ్ల నాటి నీటి సొరంగం పోతోందని నా అనుమానం, ఆ ఇంటివాళ్లకి మాత్రం అది తమ స్థలం. ఒమన్‌లో ఫలజ్ ఇళ్ల మధ్యనుంచి, తోటల మధ్యనుంచి పోతుంది, ఎవరి వాటా ఎంతసేపో ఊరివాళ్లు పూర్వం పగలు నీడగడియారం, రాత్రి నక్షత్రాలు చూసి పంచుకునేవారు. ఒకచోట సొరంగం మీద ఇళ్లు వచ్చి అది మరుగున పడింది, ఇంకోచోట ఇళ్ల మధ్యే బతికింది. ఇల్లు కట్టేటప్పుడు ఏం వదిలారు, గోడ ఎక్కడ ఆపారు, హక్కు ఎవరిది అన్నది నేను నిజ్వా, పరిసర ఊళ్లలో ఇరవై ఎనిమిది రోజులుండి కొలిచి గీయాలనుకుంటున్నాను. తర్వాత అవే కొలతలతో బీదర్‌కి తిరిగివస్తాను."

ఒకటే దేశం. ఒకటే ప్రశ్న. ఇరవై ఎనిమిది రోజులు.

టీ_స్క్వేర్
చెట్టు వాక్యం ఉంచు. "నా అనుమానం" కూడా ఉంచు, తెలియనిది తెలియదని చెప్పేవాళ్లు తక్కువ. "పరిసర ఊళ్లలో" అన్నది తీసేసి ఊళ్ల పేర్లు రాయి. ఇరవై ఎనిమిది రోజులకి బడ్జెట్ వెయ్యి, ఒక వరస రసీదు రానివాటికి పెట్టు, జొన్నరొట్టె అక్క పడ్డ బాధ నువ్వు పడకు. ఇంకా, వాటాల మాట పుస్తకంలో చదివి రాశావు, అక్కడికెళ్లాక ఎవరిని అడుగుతావు? మనిషి కావాలి. అరబ్బీ వచ్చిన మనిషి.

జహీరాబాద్_పిల్లోడు
మా మేనమామ మస్కట్‌ల పద్దెనిమిదేండ్ల నుంచి ఏసీ మెకానిక్. అరబ్బీ మస్తు మాట్లాడతడు. శుక్రవారం సెలవు. నేను ఫోన్ చేసి చెప్తా, నిజ్వా దాకా బండి మీద దింపుతడు.

బట్టర్‌పేపర్
అన్నా!!! మీకు ఎలా థాంక్స్ చెప్పాలో.

నామినేషన్ సంగతి: మా డిజైన్ మేడమ్ మెయిల్ కొట్టారు, మా స్కూల్ జాబితాలో ఉందో లేదో ఇంకా జవాబు రాలేదు. లేకపోతే ఇంటాక్‌కి బీదర్ భాగం మటుకు పంపుతా, అది దేశంలోపలే కాబట్టి నాన్న కూడా సరే అన్నారు. ఒక్క సహాయం కావాలి. ఇంకోసారి బీదర్ వెళ్లి గాలి బావుల మధ్య దూరాలు సరిగ్గా కొలవాలి. టేపుతో గట్ల మీద కుదరట్లేదు. ఎవరి దగ్గరైనా లేజర్ మీటర్ ఉందా, రెండు రోజులకి?

ఫీజుబాకీ
లేజర్ ఎండలో చుక్క కనపడదు, పొద్దున్నే ఏడులోపు కొలవాలి, లేదా అవతలి చివర తెల్ల అట్ట పట్టుకోవాలి. మా సీనియర్ దగ్గర ఉంది, అడిగి తెస్తా. శనివారం మాసబ్ ట్యాంక్ బస్టాప్ దగ్గర ఇస్తా. అట్ట పట్టుకోడానికి మనిషి కావాలంటే నేనూ వస్తా, బస్సు చార్జీ మాత్రం ఎవరిది వాళ్లదే.